వీధి సభలో మన గొంతేదీ?

జనవరి 25. ఉత్తర చెన్నైలోని ఒక కార్పొరేషన్ బడి వరండాలో ఏరియా సభ. పదకొండు గంటలకన్నారు, పదకొండున్నర దాటాక మొదలైంది. యాభై కుర్చీలు వేస్తే సగం పైగా ఖాళీ. వార్త కోసం వెళ్లిన నేను ఊరుకోలేక లెక్కపెట్టాను. వచ్చిన వాళ్లు ఇరవై రెండు మంది. అందులో పార్టీ రంగుల అంచు పంచెలు కట్టుకున్న వాళ్లే ఎనిమిది మంది.

వెనక వరుసలో ఒక అవ్వ లేచింది. తమిళంలో మొదలుపెట్టి, కోపం వచ్చేసరికి తెలుగులోకి వచ్చేసింది. "మా వీధి కాలవకి మూత లేదు. మొన్న వానల్లో మా మనవడు పడిపోయినాడు. ఎన్ని తూర్లు చెప్పాల నాయనా?" అంది. అసిస్టెంట్ ఇంజనీరుకు తెలుగు రాదు. కానీ విషయం అర్థమైంది. రిజిస్టరులో ఏదో రాసుకున్నాడు.

బయటికొచ్చాక అవ్వతో మాట్లాడాను. "మా వీధిలో నలభై ఇండ్లు మనోళ్లవే. అందరికీ చెప్పినా. ఒక్కరూ రాలేదు" అంది.

ఇది జరిగిన రెండు నెలలకు అదే పేటలో ఉగాది సభ. హాలు కిక్కిరిసింది. కుర్చీ దొరక్క గోడవారన నిలబడ్డాను. అవ్వ వీధి వాళ్లు ముందు వరుసల్లోనే కనిపించారు. వక్తలందరూ తెలుగు బతకాలని గట్టిగానే చెప్పారు. శాలువాలు కప్పుకున్నారు. పచ్చడి కూడా బాగుంది, నేనూ తిన్నాను. కానీ ఆ కాలవ మాట ఎత్తిన వారు లేరు.

చెన్నైలో మన తెలుగువాళ్ల పరిస్థితి ఈ రెండు సభల మధ్య ఉంది. పండుగ సభకు వెళతాం, వీధి సభకు వెళ్లం. భాష కోసం వేదిక ఎక్కుతాం, వీధి కోసం బెంచీ మీద కూర్చోం. ఈ రెండూ వేరు వేరు పనులనుకోవడమే మన పొరపాటు అని నాకు అనిపిస్తుంది.

ఏమిటీ సభ?

చాలామందికి ఇలాంటి సభ ఒకటుందనే తెలియదు. పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని చెప్పిన 74వ రాజ్యాంగ సవరణ 1993లోనే అమల్లోకి వచ్చింది. తమిళనాడులో వీధి స్థాయి సభలకు నిబంధనలు మాత్రం 2022లో గానీ రాలేదు. పౌర సంఘాలు ఏళ్ల తరబడి అడగగా అడగగా వచ్చినవి అవి. ఆ ఏడాది నవంబరు 1న అప్పటి ముఖ్యమంత్రి స్టాలిన్ స్వయంగా తాంబరం కార్పొరేషన్‌లోని పమ్మల్‌లో సభలో కూర్చున్నారు.

చెన్నై కార్పొరేషన్‌లో 200 వార్డులు. ఒక్కో వార్డును పది ఏరియాలుగా విడగొట్టారు. అంటే నగరంలో రెండు వేల సభలు. తమిళంలో వీటిని 'పగుది సభ' అంటారు. ఆ ఏరియాలో ఓటున్న ప్రతి ఒక్కరూ సభ్యులే. జనవరి 25, ఏప్రిల్ 14, సెప్టెంబరు 15, డిసెంబరు 10 తేదీల్లో సభ జరపాలన్నది ఏర్పాటు. ఏరియా ప్రతినిధులు, కౌన్సిలర్ కలిసి వార్డు కమిటీ. హైదరాబాదులో కార్పొరేటర్ అనే వారినే ఇక్కడ కౌన్సిలర్ అంటారు, కమిటీకి ఆయనే అధ్యక్షుడు.

ఈ సభలు లోపం లేనివని నేననను. ఏరియా ప్రతినిధులను మనం ఎన్నుకోం, నామినేట్ చేస్తారు. కౌన్సిలర్ మనుషులే అందులో నిండిపోయారన్న విమర్శ ఉంది. అన్ని వార్డుల్లో చెప్పిన తేదీకి జరగవన్న ఫిర్యాదూ ఉంది. కానీ 2016 అక్టోబరు నుంచి 2022 మార్చి దాకా ఈ నగరానికి ఎన్నికైన కౌన్సిలే లేదని మరిచిపోకూడదు. అయిదేళ్లకు పైగా అధికారుల పాలనే. మన వీధి గురించి అడగడానికి ఒక మనిషి, ఒక రోజు, ఒక రిజిస్టరు ఉండటం చిన్న సంగతి కాదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. కార్పొరేషన్ అమ్మ కూడా కాదు.

మన పెద్దలు అలా కూర్చోలేదు

"పరాయి రాష్ట్రంలో ఉన్నాం, మనకెందుకొచ్చిన గొడవ" అనే మాట చెన్నైలో చాలా ఇళ్లలో వింటుంటాను. మూడు నాలుగు తరాలుగా ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఇక్కడే పన్ను కడుతున్న వాళ్లు కూడా అంటారు. ఈ మాట చెన్నపట్నం తెలుగువాళ్లకు పాతకాలంలో లేదు.

గాజుల లక్ష్మీనరసుశెట్టి పేరు మనలో ఎందరికి తెలుసు? 1806లో పుట్టిన మద్రాసు వర్తకుడు. నీలిమందు, బట్టల వ్యాపారం చేసి బాగా సంపాదించాడు. ఇంట్లో హాయిగా కూర్చోవచ్చు, కూర్చోలేదు. 1844లో 'క్రెసెంట్' అనే ఇంగ్లీషు పత్రిక పెట్టాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. అప్పటికి కాంగ్రెస్ పుట్టడానికి ఇంకా ముప్ఫై మూడేళ్లుంది. ఆ సంఘం జనం కష్టాలను రాసి సంతకాలతో బ్రిటిష్ పార్లమెంటుకు మహజరు పంపింది. డాన్బీ సీమూర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో మద్రాసు వస్తే, శిస్తు వసూలు పేరుతో రైతులను పెడుతున్న చిత్రహింసలు ఆయనకు తెలిసేలా చేశాడు లక్ష్మీనరసుశెట్టి. పార్లమెంటులో రచ్చ అయింది. 1854లో విచారణ కమిషన్ వేశారు. హింస జరుగుతున్న మాట నిజమేనని 1855లో ఆ కమిషనే ఒప్పుకుంది.

ఆయనకు అప్పుడు ఓటు లేదు. సభలో సీటు లేదు. ఫిర్యాదు ఓడలో వెళ్లాలి. మనకు ఇప్పుడు వార్డు ఆఫీసు ఆటోకి యాభై రూపాయల దూరంలో ఉంది.

రెండో పేరు మీకందరికీ తెలిసిందే, కాకపోతే సగమే తెలుసు. పిట్టి త్యాగరాయశెట్టి. టి.నగర్‌లో 'టి' ఆయనే. తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టాడు. 1916లో జస్టిస్ పార్టీని స్థాపించిన ముగ్గురిలో ఒకడు. దాదాపు నాలుగు దశాబ్దాలు మద్రాసు కార్పొరేషన్‌లో కూర్చున్నాడు, చివర్లో దానికి అధ్యక్షుడయ్యాడు. ఆయన హయాంలోనే, 1920లో, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని ఒక కార్పొరేషన్ బడిలో పేద పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టాలని తీర్మానం చేశారు. పిల్లవాడికి రోజుకు ఒక అణా మించకూడదని షరతు. ఆ అణా అన్నమే తర్వాత కామరాజ్ కాలంలో రాష్ట్రమంతా పాకింది, 1982లో ఎం.జి.రామచంద్రన్ పౌష్టికాహార పథకమైంది, 2022లో బడిపిల్లల ఉదయపు టిఫిన్ దాకా వచ్చింది.

గమనించండి. ఆ తీర్మానం తెలుగు పిల్లల కోసం కాదు, ఆ వీధి పిల్లల కోసం. అందుకే నగరం ఆయన పేరును గుండె మధ్యలో పెట్టుకుంది. రిప్పన్ భవనం ముందు విగ్రహం కూడా పెట్టింది. తెలుగువాడికి ఈ ఊళ్లో గౌరవం అలా వచ్చింది.

మామూలు మనుషులూ చేశారు

పెద్దవాళ్ల సంగతి వేరు, డబ్బున్నోళ్లు అంటారా? సరే, మామూలు మనుషుల సంగతి చూద్దాం.

1989లో ఎం.బి.నిర్మల్ అనే బ్యాంకు ఉద్యోగి 'ఎక్స్‌నోరా' మొదలుపెట్టాడు. వీధిలోని ఇళ్లవాళ్లు కలిసి తలా కొంత వేసుకుని, మూడు చక్రాల బండి కొని, ఒక మనిషిని పెట్టుకుని ఇంటింటి చెత్త తీయించడం. అంతే. ఆ చిన్న ఆలోచన చెన్నైలో వీధి వీధికీ పాకింది. ఇంటింటి చెత్త సేకరణ కార్పొరేషన్ పనిగా మారకముందే జనం చేసి చూపించారు.

ట్రాఫిక్ రామస్వామిని చెన్నైలో చూడని విలేకరి ఉండడు. చొక్కాకు కాగితాలు గుచ్చుకుని, రోడ్డు మీద అడ్డంగా పెట్టిన బ్యానర్లు తానే చించేసేవాడు. కేసుల మీద కేసులు వేశాడు. తిక్కమనిషి అన్నారు, కొట్టారు కూడా. 2019 సెప్టెంబరులో పళ్లికరణైలో స్కూటర్ మీద వెళుతున్న 23 ఏళ్ల ఇంజనీరు మీద ఒక పెళ్లి బ్యానర్ పడింది. ఆమె కిందపడితే వెనకొచ్చిన లారీ ఎక్కింది. అప్పుడు హైకోర్టు ఆగ్రహించింది, పార్టీలన్నీ ఇక బ్యానర్లు పెట్టమని మాటిచ్చాయి. ఆ ముసలాయన ఎన్నో ఏళ్లుగా చెబుతున్నది అదే. వినడానికి ఒక ఆడపిల్ల ప్రాణం పోవాల్సి వచ్చింది. రామస్వామి 2021 మేలో పోయాడు.

స్వచ్ఛందంగా పనిచేసే గుణం మనవాళ్లకూ తక్కువేం లేదు. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో పులిహోర పొట్లాలు కట్టిన తెలుగు ఇళ్లు నేను చూశాను. నడుంలోతు నీళ్లలో పాల ప్యాకెట్లు మోసిన కుర్రాళ్లను చూశాను. కానీ నీళ్లు తీశాక, వాన కాలవ ఎందుకు పొంగింది, ఎవరు మూసేశారు, టెండరు ఏమైంది అని అడగడానికి వాళ్లలో ఎవరూ వార్డు ఆఫీసుకు రారు. పొట్లం కట్టడం పుణ్యం. కాలవ గురించి అడగడం రాజకీయం అని మనం అనుకుంటున్నాం. అడిగి ఉంటే వచ్చే ఏడాది పొట్లం అవసరం ఉండకపోవచ్చు.

అడగనందుకు కట్టిన మూల్యం

భాష సంగతికే వద్దాం. తమిళనాడులో నిర్బంధ తమిళ చట్టం వచ్చింది 2006లో. ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున ఎక్కుతూ 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. మన సంఘాల పెద్దలు కొందరు మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. వీధిలోని తల్లిదండ్రులకు మాత్రం పదో తరగతి పరీక్ష ముంచుకొచ్చాక గానీ వేడి తగల్లేదు. తర్వాత కోర్టులే దిక్కు. భాషా మైనారిటీ పిల్లలకు మినహాయింపు ఏడాదికేడాది బతిమాలి తెచ్చుకోవాల్సిన గతి. సుప్రీంకోర్టు కూడా 2023 ఫిబ్రవరిలో ఒక ఏడాదికే పొడిగించింది.

పదేళ్లు. ఒక పిల్లవాడు ఒకటో తరగతి నుంచి పదో తరగతికి వచ్చే కాలం. ఆ పదేళ్లలో ఎంతమంది తల్లిదండ్రులం బడి పేరెంట్స్ మీటింగులో లేచి "తెలుగు టీచరు పోస్టు ఎందుకు నింపలేదు" అని రాతపూర్వకంగా అడిగాం? ఎంతమందిమి కౌన్సిలర్ దగ్గరికి, ఎమ్మెల్యే దగ్గరికి పిల్లల పేర్ల జాబితాతో వెళ్లాం? కోర్టులో గెలిచినా టీచరు లేకపోతే పిల్లవాడు ఏ భాషలో పరీక్ష రాస్తాడు? బడిలో పిల్లలు తగ్గితే తెలుగు సెక్షన్ తీసేస్తారు. తీసేసే ముందు అడగాలి. తీసేశాక సభ పెట్టి ఏడిస్తే రాదు.

ఇంకో సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. 2025 ఆగస్టులో రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల పారిశుద్ధ్య కార్మికులు తమ పనిని ప్రైవేటుకు ఇవ్వొద్దని రిప్పన్ భవనం ముందు కూర్చున్నారు. పదమూడు రోజులు ఎండలో, వానలో. ఆగస్టు 13 అర్ధరాత్రి, హైకోర్టు ఆదేశం చూపి పోలీసులు వాళ్లను ఎత్తేశారు. ఈ నగరపు చెత్త ఎత్తే వాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు చాలా ఉన్నాయి. తాతల కాలంలో మన జిల్లాల నుంచే వచ్చిన వాళ్లు. ప్రైవేటుకు ఇవ్వడం మంచిదా చెడ్డదా అన్నదానిపై రెండు అభిప్రాయాలు ఉండొచ్చు. కానీ వాళ్లు తెలుగువాళ్లన్న సంగతి మన ఉగాది వేదికల మీద నాకెప్పుడూ వినపడలేదు. భాష బతకాలంటే ఆ భాష మాట్లాడే మనిషి బతకాలి కదా.

"వెళ్లి ఏం లాభం?"

ఈ ప్రశ్న న్యాయమైనదే. ఒకసారి వెళితే లాభం ఉండదు, అది నేనే ఒప్పుకుంటాను. ఎలా వెళ్లాలన్నది తెలియాలి. ఇన్నేళ్లుగా ఈ ఆఫీసుల చుట్టూ వార్తల కోసం తిరిగి నేర్చుకున్న నాలుగు మాటలు చెబుతాను.

ఒకటి, ఎవరి పని ఏదో తెలుసుకుని వెళ్లాలి. వాన నీటి కాలవ, చెత్త, వీధి దీపం, లోపలి వీధుల రోడ్డు కార్పొరేషన్‌వి. తాగునీరు, మురుగు గొట్టం మెట్రోవాటర్‌వి. కరెంటు తీగ విద్యుత్ బోర్డుది. ఒకరి పని ఇంకొకరిని అడిగితే "మాది కాదు" అన్న జవాబుతో ఆరు నెలలు గడిచిపోతుంది.

రెండు, నోటితో చెప్పి రావద్దు. కాగితం మీద రాసి ఇవ్వండి. రెండో ప్రతి మీద తేదీ, సంతకం వేయించుకోండి. కార్పొరేషన్ 1913 నంబరుకు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇస్తారు, అది రాసి పెట్టుకోండి.

మూడు, పోయిన సభలో ఏం తీర్మానించారో వచ్చే సభలో అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005లో వచ్చిన ఈ చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడిగితే ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. మన వీధి రోడ్డుకు ఎంత మంజూరైంది, ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు పూర్తి కావాలి అన్నది రహస్యం కాదు.

నాలుగు, ఒక్కరే వెళ్లవద్దు. పదిమంది వెళితే రిజిస్టరులో రాత మారుతుంది.

తమిళం రాదన్న సంకోచం మనవాళ్లలో, ముఖ్యంగా పెద్దవాళ్లలో చాలా ఉంది. మాట్లాడతారు, రాయలేరు. మరి మీ ఇంట్లో పిల్లలున్నారుగా. బడిలో తమిళం చదువుకుంటున్న పిల్లలు. ఏ చట్టం వల్ల మన పిల్లలకు తెలుగు దూరమైందని బాధపడుతున్నామో ఆ చట్టమే వాళ్లకు ఈ ఊరి అర్జీ రాయడం నేర్పింది. ఆ చేతులను వాడుకుందాం. తెలుగు టీచరు కావాలన్న అర్జీని తమిళంలో చక్కగా రాసి ఇస్తే, చదివే అధికారికి అది పరాయి వాడి గోలగా కనిపించదు. పక్కింటి వాడి న్యాయమైన కోరికగా కనిపిస్తుంది. తమిళం మీద గెలవడం మన పని కాదు. తమిళంలో అడిగి మన తెలుగును నిలబెట్టుకోవడం మన పని. ఆ అడిగే వాడు అంతకు ముందు ఆ వీధి కాలవ కోసమూ అడిగి ఉంటే, పక్కింటి తమిళులు కూడా సంతకం పెడతారు.

మన సంఘాలకు ఒక విన్నపం. చెన్నైలో తెలుగు సంఘాలకు కొదవ లేదు. ప్రతి సంఘంలో ఓపిక ఉన్న రిటైర్డు ఉద్యోగులు, చదువుకున్న కుర్రాళ్లు ఉన్నారు. ఏడాదికి నాలుగు తేదీలు ఉగాది ఆహ్వాన పత్రికతో పాటు అచ్చు వేయండి. వార్డుకు ఇద్దరు కార్యకర్తలను పెట్టండి. ఒకరు అర్జీ రాసేవారు, ఒకరు జనాన్ని పిలుచుకొచ్చేవారు. దీనికి హాలు అద్దె లేదు, శాలువాల ఖర్చు లేదు. ఏ పార్టీ వైపూ నిలబడనక్కర్లేదు.

2022లో ఆస్తి పన్ను పెంచారు. ఇంటి పరిమాణాన్ని బట్టి 25 శాతం నుంచి 150 శాతం దాకా. పన్ను బిల్లులో మాతృభాష గడి లేదు, అందరికీ ఒకటే బిల్లు. కట్టేటప్పుడు పరాయివాళ్లం కాని మనం అడిగేటప్పుడు మాత్రం ఎందుకు పరాయివాళ్లం అవుతున్నాం?

మళ్లీ ఆ అవ్వ సంగతి. ఏప్రిల్ 14 సభకు కూడా వెళ్లాను. ఈసారి అవ్వ ఒంటరిగా రాలేదు. కాలవలో పడ్డ మనవడే తమిళంలో అర్జీ రాశాడు, తొమ్మిదో తరగతి. దానికింద ముప్ఫై ఒక్క సంతకాలు, అందులో పదకొండు తమిళుల ఇళ్లవి. వీధి నుంచి పధ్నాలుగు మంది వచ్చి కూర్చున్నారు. ఇంజనీరు ఈసారి రిజిస్టరు రాసి, తేదీ కూడా చెప్పాడు. చెప్పిన తేదీకి కాలేదు. మూడు వారాలు ఆలస్యంగా కాలవ మీద సిమెంటు పలక పడింది. వీధి చివరి దీపం ఇంకా వెలగలేదు.

"దీపం కోసం మళ్లా పోవాల" అంది అవ్వ. "ఈ తూరి ఇంకా పదిమందిని పిలుస్తా."

పిలవకముందే వెళదాం. మీ వార్డు నంబరు ఎంతో ఈ రోజే కనుక్కోండి.